ముందు మీరు తియ్యండి

మా నాన్న కారుకి ఏమొచ్చిందో నాకు అంతుపట్టలేదు. సీడీని సగం బయటికి తోస్తుంది, చూస్తుండగానే మళ్ళీ మింగేస్తుంది. ఇచ్చినట్టే ఇచ్చి లాక్కోవడం, అదేం బుద్ధో!

ఆ రోజు నాన్న సంవత్సరీకం. గుడారంలో అరవైమంది చుట్టాలు ఎదురుచూస్తున్నారు. నాన్న మూడు తీగల కొముజ్ వాయించిన రికార్డు ఆ ఒక్క సీడీలో తప్ప ఇంకెక్కడా లేదు. దాన్ని అందరికీ వినిపిస్తానని అమ్మకి మాటిచ్చాను. ఈ పాత జపాన్ కారులో చూస్తే సన్నటి చీలిక ఒక్కటే ఉంది, లాగడానికి పట్టు లేదు.

పక్క సీట్లో నాన్న అన్నయ్య జపార్కుల్ కూర్చున్నాడు. బటన్ నొక్కాను. కారులో ఎవరో ఆడమనిషి జపాన్ భాషలో ఏదో అంది. సీడీ బయటికొచ్చింది.

"తియ్యండి పెదనాన్నా."

"బండి నీది. నువ్వు తియ్యరా తిలేక్."

"పెద్దవారు మీరుండగా నేనా?"

"పర్లేదులే, కానీ."

సీడీ సర్రున లోపలికి పోయింది. నాన్న కొముజ్ మళ్ళీ మొదటినుంచి మోగింది. ఇలా ఐదుసార్లు.

"ఆవిడేమంటోందిరా?"

"నాకేం తెలుసు పెదనాన్నా!"

"మీ నాన్నకి ఇవ్వడం ఇష్టం లేదేమోరా," అన్నాడు గొంతు తగ్గించి. నాకు నిజంగానే భయమేసింది.

విందుకొచ్చిన మెకానిక్ శైలోబెక్ నూనెలో వేయించిన బూర్సోక్‌లు గుప్పెడు నములుతూ వచ్చి, ఆరోసారి జరిగింది చూశాడు. నవ్వు ఆపుకోలేక అతనికి పొలమారింది.

"జబ్బు దానికి కాదయ్యా, మీకు! లోపల రబ్బరు రోలరుంటుంది. సీడీ అంచు తగిలితే లాక్కుంటుంది, బటన్ నొక్కితే వెనక్కి తిరిగి తోస్తుంది. పది లెక్కపెట్టేలోపు ఎవరూ తీసుకోకపోతే, అక్కర్లేదు కాబోలనుకుని లోపల దాచేస్తుంది. మీరేమో దాని ముందు మర్యాదలు!" అని, చీలిక దగ్గర చెవి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. "రబ్బరు అరిగి జారుతోంది. ఇంకొక్కసారి తోస్తుందేమో. ఇరుక్కుపోతే విప్పి పీకాల్సిందే. సీడీకి గీతలు పడితే నన్నడక్కండి."

బటన్ నొక్కాను. రోలరు మూలిగింది. సీడీ ఆగి ఆగి వచ్చింది.

"తియ్యరా," అన్నాడు పెదనాన్న.

"ముందు మీరు..." అనేసింది నా నోరు, పాడు అలవాటు. సీడీ వణికింది. ఇక ఆలోచించలేదు, లాగేశాను. అప్పుడే చెయ్యి చాచిన పెదనాన్న ఛాతీకి నా మోచెయ్యి గట్టిగా తగిలింది.

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయింది పెదనాన్నా. మిమ్మల్ని దాటి..."

ఆయన సీడీ మీద నాన్న చేతిరాత చూస్తూ ఉండిపోయాడు.

"గడప దాటాలన్నా మీ నాన్న 'ముందు నువ్వు అన్నయ్యా' అని నిలబడేవాడు. అన్నిటికీ అంతే. పోవడానికి మాత్రం నన్నడగలేదురా."

గుడారం దగ్గర ఆయనే తలుపుతెర ఎత్తి పట్టుకున్నాడు. "నడు," అన్నాడు. ఈసారి నేను మర్యాదకి పోలేదు. సీడీ గుండెకి అదుముకుని ఆయనకంటే ముందు లోపలికి వెళ్ళాను.