ఎడమ పిక్క మీద మచ్చ

"కట్టు విప్పు" అన్నాడు పేష్కారు, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

ఇబ్రహీంపట్నం కచ్చేరి అరుగు ఎండకు కాలిపోతోంది. సుక్కమ్మ భర్త కాలు ఒళ్లో పెట్టుకుని గుడ్డ ఒక్కో చుట్టూ విప్పింది. మత్తయి పళ్లు బిగబట్టాడు. పాదమంతా నల్లబడింది, ఆ నలుపు చీలమండ దాటి పైకి పాకుతోంది. దానికి నాలుగు వేళ్ల ఎత్తున, పిక్క మీద, ఫౌజువాళ్లు మిసర్ అనే ఈజిప్టు యుద్ధంలో గుండు దిగిన మచ్చ ఇంకా కనిపిస్తోంది.

పేష్కారు రిజిస్టరు మీద వేలు పెట్టి చదివాడు. మత్తయి, నిజాం ఫౌజులో గుర్రాల సయీసు, నౌకరీ ఇరవై రెండేళ్లు, గుర్తు ఎడమ పిక్క మీద మచ్చ. ఆరు నెలలకోసారి ఆ మచ్చ చూపిస్తేనే నెలకు ఏడు రూపాయల వజీఫా, అదే పింఛను. మనిషి నిక్షేపంలా ఎదురుగా కూర్చున్నా సర్కారువారికి నమ్మకం కుదరదు, మచ్చే సాక్ష్యం చెప్పాలి. చెప్పింది. ముద్ర పడింది.

పొద్దున ఇక్కడి దవాఖాన డాక్టరు చీటీ రాసిచ్చాడు. వెంటనే పట్నంలో ఫౌజీ దవాఖానకు పోవాలి, మోకాలి కింద కోసెయ్యాలి, లేకపోతే ప్రాణం దక్కదు. వజీఫా కాగితం చూపిస్తే అక్కడ పైసా ఖర్చు లేదు. సుక్కమ్మ కాగితాన్ని కొంగున ముడేసుకుంది.

"లే, బండెక్కు."

మత్తయి లేవలేదు. "సాబ్, కాలు కోసినంక మచ్చ యాడుంటది?"

"ఉండదు."

"మరి వజీఫా?"

"గుర్తు లేనిది ముద్ర ఎట్ల ఏస్త? మీ పటేలు సాక్షి చెప్తే చూద్దాం."

రాంచంద్ర పటేలు పక్క కుర్చీలోనే ఉన్నాడు. "చెప్తలే" అన్నాడు తాపీగా. "సుక్కీ, ఏడాది పొడుగూత మా కొట్టంల పేడ తియ్యాలె మరి. కూలి గీలి అడగొద్దు."

నిన్నటిదాకా ఆయన పొలంలో వెట్టికి కోతలు కోసిన చేతులే ఆమెవి. వేళ్ల మీద కొడవలి గాట్లు ఇంకా మానలేదు.

మత్తయి బండి తోలే శివయ్యను పిలిచాడు. "ఇంటికి తోలన్నా. ఫౌజుల గుర్రాలకు ఇసొంటి పుండ్లు మస్తు చూసిన. యాపాకు కడితే తగ్గుతది. కాలు పోతే నేనే మత్తయినని ఎవడొప్పుకుంటడు?"

"నువ్వు సస్తే ఏడు రూపాలు ఎవలిస్తరు?" అని సుక్కమ్మ అరిచింది. కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు. గిర్రున పేష్కారు వైపు తిరిగింది.

"సాబ్, నీకు తోలు మీది మచ్చ గావాలె. గంతేనా?"

"గుర్తు కావాలె. గంతే."

ఆమె పటేలు ముందు నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన మొహంలోకి సూటిగా చూడడం అదే మొదలు.

"నీ సాక్షి నీ కాడనే ఉంచుకో దొరా. నీ కొట్టానికి నేను రాను."

పటేలు కుర్చీలోంచి సగం లేచాడు. ఏదో అరిచాడు. అప్పటికే శివయ్య, సుక్కమ్మ కలిసి మత్తయిని బండిలోకి చేర్చారు. అతను వద్దు వద్దంటూనే ఉన్నాడు.

ఊరి చివర దుకాణం ముందు ఆమె బండి ఆపించింది. దిగి వెళ్లి, రెండు సేర్ల ఉప్పు సంచిలో పోయించుకుని వచ్చింది.

"ఉప్పెందుకే?" అన్నాడు మత్తయి.

"మా నాయిన తోళ్లు ఊనుతుంటే పక్కనుండి ఉప్పు చల్లింది నేనే. ఉప్పు పడితే తోలు చెడదు. కోసినంక నీ కాలు నాకియ్యమంట. ఆర్నెల్లకు పట్టుకొచ్చి గా సాబు బల్ల మీద పెడ్త. మచ్చ చూసుకుని ముద్ర ఏసుకోమను."

మత్తయి ఆమెను చూశాడు. తన కాలిని చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా తనకు తిండి పెట్టిన ఆ మచ్చను బొటనవేలితో మెల్లగా తడిమాడు. ఎదురుగా మన్నెగూడ మీదుగా పట్నం పోయే బాట, దుమ్ము లేస్తోంది.

"రెండు సేర్లు సాలవు" అన్నాడు చివరికి. "పిక్క లావుంది. ఇంకో సేరు తీస్కో."

సుక్కమ్మ సంచి పట్టుకుని మళ్లీ దుకాణం వైపు నడిచింది.