మాటల్లేని సినిమాకి క్లాప్ కొట్టిన రోజులు

నేను ఒక క్లాప్ బోర్డుని. సినిమా తీసేటప్పుడు ప్రతి షాటుకీ ముందు కెమెరా ఎదుట టప్పుమని కొడతారే, ఆ పలకని. పుట్టడం మాత్రం క్యారమ్ బోర్డుగా పుట్టాను. మూల విరిగాక బందరులో ఒక వడ్రంగి నన్ను కోసి, పైన కీలుతో చెక్క బిగించి, నలుపూ తెలుపూ చారలు వేసి 'వెన్నెల తెర' ఫిలిం క్లబ్బుకి అప్పగించాడు.

క్లబ్బంటే గొప్పగా ఊహించుకోకండి. ఆదివారం భోజనాలయ్యాక ట్యూషన్ టీచర్ హైమవతి గారి డాబా మీద చేరే పదిమంది. అందరికీ డైరెక్షన్ మీదే మోజు. కెమెరాకి గొడుగు పట్టమంటే మాత్రం ఒక్కరికీ చెయ్యి లేవదు. వాళ్ల హీరో పూర్ణచంద్రరావు గారు, బస్సు కండక్టరు. ఆయన గొంతెత్తితే మైకు అక్కర్లేదు. క్లబ్బు సినిమాలన్నీ ఆ గొంతు మీదే నడిచాయి.

ఆ గొంతే పోయింది. గడ్డ తేలిందని ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు. ఆయన రావడం మానేశారు. మిగతావాళ్లూ పలచబడ్డారు. షాటు నంబరు రాసే సుద్దముక్క నాకు తగిలి నెలలైంది.

ఒకనాడు హైమవతి గారు నన్ను చంకన పెట్టుకుని ఆయనింటికి వెళ్లారు.

"అన్నయ్య గారూ, మాటల్లేని సినిమా తీస్తున్నాం. హీరో మీరే."

ఆయన తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగిపోయారు.

"తీసుకుపోమ్మా తల్లీ!" వంటింట్లోంచి ఆయన భార్య సీతామాలక్ష్మి గారు అరిచారు. "పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడుతున్నారు, అదీ సైగలతో!"

ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని నాకు అర్థమయ్యేలోపే నన్ను లాక్కుని టప్పుమని కొట్టారు.

నిజానికి ఆ సినిమాకి నాతో పనే లేదు. మాటనీ బొమ్మనీ జత కలపడానికే కదా నేనున్నది! అయినా ఆయన నన్ను వదల్లేదు. షాటు నచ్చితే ఒక దెబ్బ, నచ్చకపోతే రెండు. గొంతున్నప్పటికంటే ఎక్కువే వాదించారు. టికెట్ల కట్ట నోట కరుచుకుపోయిన మేక వెనక ఊరంతా పరిగెత్తే కండక్టరు కథ అది. మేక కూడా బాగానే నటించింది, మధ్యలో నన్ను నమలబోవడం తప్ప.

కల్యాణ మండపంలో తెర కట్టి ఆట వేశారు. ఆయన నన్ను గుండెకి హత్తుకుని, ఏ క్షణాన్నైనా పారిపోవడానికి వీలుగా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. హాలంతా నిశ్శబ్దం. ఆయన చెమట నా చెక్కకి అంటుతోంది. అంతలో ముందు వరసలోంచి ఒకావిడ పెద్దగా, పగలబడి నవ్వింది. ఆ వెంటనే హాలు హాలంతా నవ్వింది. అక్కణ్ణించి ఆఖరిదాకా ఆగలేదు.

ఆట అయ్యాక ఒక పెద్దావిడ ఆ నవ్వినామెని వెంటబెట్టుకొచ్చింది.

"మా అమ్మాయి కుసుమండీ. జాకెట్లు కుడుతుంది. పుట్టుకతోనే వినపడదు. ఏ సినిమాకెళ్లినా పక్కన కూర్చుని కథంతా నేనే సైగలతో చెప్పాలి. ఇవాళ అదే నాకు చెప్పిందండీ! నా కళ్లజోడు ఇంట్లో మర్చిపోయొచ్చాను."

పూర్ణచంద్రరావు గారు చేతులాడించారు. కుసుమ అంతకంటే వేగంగా ఆడించింది. ఇద్దరూ అలా ఎంతసేపు మాట్లాడుకున్నారో! కుర్చీలు సర్దేవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

తర్వాతి సినిమాకి డైరెక్టరు కుసుమే. షాటుకి ముందు ఆమె వచ్చి నా వీపు మీద అరచెయ్యి ఆనిస్తుంది. పూర్ణచంద్రరావు గారు కొడతారు. ఆ అదురు చేతికి తగలగానే నవ్వి, కెమెరా వైపు తల ఊపుతుంది.