చేదు పరీక్ష

మిట్టమధ్యాహ్నం కోత మిషన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తాండూరు శివారులోని ఆ నాపరాళ్ల ఫ్యాక్టరీలో పొద్దున్నించి దుమ్ములో పనిచేస్తున్న ఆడవాళ్లను సూపర్‌వైజర్ మహిధర్ షెడ్డు కింద వరసగా నిలబెట్టాడు. కూలీలకు మాస్కులివ్వాలనీ, అవి ముఖానికి అతుకుతున్నాయో లేదో పరీక్ష చేయించాలనీ రాళ్లు కొనే విదేశీ కంపెనీ పట్టుబట్టిందట. అందుకోసం హైదరాబాదు నుంచి సుశాంత్ అనే యువకుడు వచ్చాడు.

వరసలో నిలబడ్డ భాగమ్మ ఆ ఉదయమే వికారాబాద్‌లో రైలెక్కి, దిగీ దిగగానే పనిలోకి వచ్చింది. ఆమె భర్త యోహాను అక్కడి దవాఖానాలో ఉన్నాడు. మూతికి తువ్వాల చుట్టుకొని ఈ షెడ్డులోనే రాళ్లు కోసినవాడు. టీబీ అనుకొని ఏడాది పాటు మందులు మింగాడు. నిన్న డాక్టరు ఎక్స్‌రే చూపించి, "టీబీ కాదమ్మా. రాతిపొడి ఊపిరితిత్తుల్ల పేరుకున్నది. దాన్ని తీసే మందు లేదు" అన్నాడు. "మంచిది సార్" అని భాగమ్మ టిఫిన్ డబ్బా తీసుకొని మెట్లు దిగింది. ఏడుపు రాలేదు. రైల్లోనూ రాలేదు.

"మాస్కు పెట్టుకున్నాక తల మీద ఈ ప్లాస్టిక్ ముసుగు వేసి, అందులో చేదు మందు కొడతాను," అని సుశాంత్ చెప్పాడు. "మాస్కు సరిపోతే రుచి తెలియదు. చేదు తెలిసిందంటే దుమ్ము కూడా లోపలికి పోతున్నట్టే."

అతను అటు తిరిగి సామాను బయటికి తీస్తుంటే మహిధర్ గొంతు తగ్గించాడు. "చేదు తెల్సిందన్నోళ్లకు రేపటిసంది పని లేదు. సమజైందా?"

ముందున్న జ్యోతి కళ్లు గట్టిగా మూసుకొని "తెలుస్తలేదు సార్" అంది. పక్కకొచ్చి, గోడ చాటున రెండుసార్లు ఉమ్మింది.

భాగమ్మ వంతు వచ్చింది. మాస్కు మగవాళ్ల ముఖాలకు చేసినది. ఆమెవి గుంటలు పడ్డ చెంపలు. పట్టీలు చివరికంటా లాగినా ముక్కు పక్కన సందు మిగిలింది. సుశాంత్ ముసుగు దించి మందు కొట్టాడు.

యోహాను మంచం పట్టినప్పటినుంచి ఆమె నాలుకకు ఏ రుచీ తగల్లేదు. ఇది తగిలింది. గొంతులోకి దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెలుస్తోందా అమ్మా?"

ఇన్నేళ్లలో యోహానును ఈ మాట ఎవరూ అడగలేదు.

"తెలుస్తున్నది సార్. చేదుగున్నది."

"జర సోంచాయించి చెప్పు భాగమ్మా," అన్నాడు మహిధర్. "యోహాను మంచంల ఉన్నడు. నువ్వు గూడ ఇంట్ల కూసుంటే ఎట్ల?"

"గందుకే చెప్తున్న సార్. గిది నాకు సరిపోతలేదు. చిన్నది తెప్పియ్యుండ్రి. అప్పటిదాంక నేను కోత కాడికి పోను."

"చిన్న సైజులు ఉంటాయి," అన్నాడు సుశాంత్ నెమ్మదిగా. "తెమ్మని నాకెవరూ చెప్పలేదు."

మహిధర్ అతని వైపు చూడలేదు. "నువ్వు గేటు బయటికి నడువు భాగమ్మా. రబియా, రా!"

భాగమ్మ మాస్కు విప్పి బల్ల మీద పెట్టింది. గేటు వైపు పోలేదు. షెడ్డు అంచున పేర్చిన రాళ్ల మీద కూర్చుంది.

రబియా ముసుగులో తల పెట్టింది. సుశాంత్ మందు కొట్టాడు.

"తెలుస్తోందా?"

రబియా గుటక వేసింది.

"నిన్నే రబియా," అన్నాడు మహిధర్.

ముసుగులోంచి రబియా భాగమ్మ వైపు చూస్తూ నిలబడింది.