సన్మానానికి ముందు ఒక్క పాట

‘ది లేట్ డ్రిజిల్’ అనే ఇంగ్లిష్ ఇండీ రాక్ బృందం సౌదీలోని అల్ ఖోబర్ నగరం అల్ అజీజియా పేటలో, గోడలకు పరుపులు ఆనించిన ఒక ఫ్లాటు గదిలో పుట్టింది. పాటలు రాసి పాడేవాడు జగిత్యాల ఉదయకిరణ్, చమురు సేవల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. బాస్ గిటారు హైదరాబాదు షాకీర్‌ది. డ్రమ్స్ కడప నుంచి వచ్చిన డ్రైవర్ ముస్తాక్‌వి. వారి పాటలన్నిటిలోనూ సన్నని జల్లు కురిసేది, బస్సు వచ్చేది కాదు, అమ్మాయి అసలే వచ్చేది కాదు. అలాంటి ఇంగ్లండు జల్లును ముగ్గురిలో ఎవరూ చూసినవారు కారు. జనానికి నచ్చేది పాడరాదన్నది ఉదయకిరణ్ నియమం. పాడే అవకాశమే రాలేదు గనుక ఆ నియమం చెక్కుచెదరలేదు.

అందుకు కారణం ద్వేషం కాదు, గౌరవం. పక్క ఊరు దమ్మామ్‌లోని తెలుగు సంఘం అధ్యక్షుడు జనార్దన్‌గారు కళాకారుడు కనిపిస్తే శాలువా కప్పకుండా ఉండలేరు. ఉగాదికి బృందాన్ని వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పించారు. కప్పినవారిని పరిచయం చేశారు. పరిచయం చేసినవారికి జ్ఞాపికలిచ్చారు. అంతలో హాలు గడువు ముగిసింది. బతుకమ్మకూ అంతే, దీపావళికీ అంతే. సంఘం ప్రత్యేక సంచిక వారిని ‘గల్ఫ్ గర్వించే గళం’ అని కొనియాడింది. ఆ గళాన్ని విన్నవారు లేరు గనుక కాదన్నవారూ లేరు.

ఇంతలో షాకీర్‌కు ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్లిపోవాలి. ఇక ముగ్గురూ కలిసి ఒక్కసారైనా జనం ముందు పాడాలంటే మిగిలింది అతని వీడ్కోలు సభే. ఊరి చివర అద్దెకు తీసుకున్న ఇస్తిరాహా అనే విడిది తోటలో వేదిక కట్టారు. సన్మానానికి ముందు ఒక్క పాటకు అనుమతి ఇమ్మని ఉదయకిరణ్ బతిమాలాడు. అధ్యక్షులవారు నొచ్చుకున్నారు.

“సన్మానం గాకముందే పాడుతరా? మీకు ఇజ్జత్ లేదా తమ్మీ?”

ముఖ్య అతిథి ఆలస్యమయ్యారు. జనార్దన్‌గారు ఎదురు వెళ్లగానే ముగ్గురూ వేదిక ఎక్కి పాట మొదలుపెట్టారు. ఉదయకిరణ్ గొంతు వణికినా పాట ఆగలేదు. జల్లు కురిసింది, బస్సు రాలేదు. కింద కుర్చీలు సర్దేవారు సర్దుతూనే ఉన్నారు, పలకరింపులు సాగుతూనే ఉన్నాయి. ముఖ్య అతిథి రాకముందు మైకులో వినిపించేదంతా మైకు పరీక్షేనని మన సభలకు వచ్చేవారందరికీ తెలుసు. పాట ముగిసింది. ఒక్క చప్పట్టూ లేదు.

చివరి వరుస వెనుక స్పీకరు సర్దుతున్న భూమేష్ అనే కార్యకర్త చెయ్యెత్తాడు.

“అన్నా, ఈడికి సక్కగ ఇనొస్తలేదు. మల్లొక్కసారి అను.”

ఇది పరీక్ష కాదని చెప్పడానికి ఉదయకిరణ్ నోరు తెరిచాడు. షాకీర్ అతని మోచేయి పట్టుకున్నాడు.

“చెప్పకు భాయ్. ఒన్స్ మోర్ అడుగుతున్నరు. పాడు.”

మళ్లీ పాడారు, ఈసారి వణుకు లేకుండా, చివరి వరుస దాకా వినిపించేలా. భూమేష్ స్పీకరుకు చెవి ఆనించి, తల ఊపుతూ చివరంటా విన్నాడు.

“ఇప్పుడు మంచిగున్నది,” అన్నాడు.

‘ది లేట్ డ్రిజిల్’ మీద వెలువడిన ఏకైక సమీక్ష అదే.