కమిలిన చెంప

ఆ స్టూడియోలో ఫొటోలు దిద్దే ఆమెను అందరూ టచప్ అక్క అంటారు. మొటిమలు తీసేస్తుంది, నడుము సన్నం చేస్తుంది, నల్లటి ముఖానికి తెలుపు పూస్తుంది. పన్నెండేళ్లుగా అదే పని. అది తప్పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చదువుతున్న మీకూ ఎవరూ చెప్పి ఉండరు.

ఆ పొద్దున ఆమె ముందున్నది ఒక ప్రదర్శన పని. ఆడవాళ్ల మీద హింస గురించి ఒక ఆర్టిస్టు తీసిన ఫొటోలు. మోడల్ కంటి కింద రంగుతో దెబ్బ వేశారు.

"ఇంకాస్త నీలం పెట్టక్కా. చూసినవాళ్ల గుండె కలుక్కుమనాలి" అన్నాడు ఆర్టిస్టు.

"మరీ ఎక్కువైతే పిల్ల ముఖం చెడుతుందేమో బాబూ."

"చెడకూడదు. దెబ్బ కనబడాలి, అందం పోకూడదు."

దిద్దింది. అతను మురిసిపోయాడు.

అంతలో ఆమె ఫోనుకు చెల్లెలి ఫొటో వచ్చింది. వెంట ఒక్క మాటా లేదు. ఎప్పుడూ అంతే. చెల్లెలు ఫొటో పంపుతుంది, అక్క శుభ్రం చేసి తిప్పి పంపుతుంది, చెల్లెలు దాన్ని లోకానికి చూపించుకుంటుంది. ఈసారి చెంప కమిలి ఉంది. నిద్ర లేదేమో అనుకుంది అక్క. అలా అనుకుంటే సుఖం కాబట్టి అనుకుంది. కంప్యూటరులోకి ఎక్కించి, నాలుగు నిమిషాల్లో చెంప నున్నగా చేసి, పాతదాని మీదే సేవ్ చేసి పంపేసింది. అసలు ఫొటో దాచే అలవాటు ఆ స్టూడియోలో లేదు.

ఈసారి చెల్లెలు పంపింది సాక్ష్యానికి. ఆ ముక్క రాసేలోపే మొగుడు ఫోను లాక్కున్నాడు. అసలు ఫొటోను రెండు ఫోన్లలోనూ పోయేలా చెరిపేశాడు. అక్క దిద్దినదాన్ని 'నా ఇంటి వెలుగు' అని పోస్టు పెట్టాడు. మూడొందల మంది మెచ్చుకున్నారు.

పది రోజులకు చెల్లెలు కూతుర్ని కూడా తెచ్చుకోలేక ఒట్టి చేతులతో బయటపడి వచ్చింది. అప్పటికి కమిలిన చోటు మానిపోయింది. ఫిర్యాదు తీసుకుంటేనే పాప తన దగ్గరికి వస్తుందని అక్కను వెంటబెట్టుకుని పోలీసు స్టేషనుకు వెళ్లింది. అధికారి ఆ పోస్టు తీసి చూపించాడు.

"కొట్టాడన్న రోజే పెట్టిన ఫొటో ఇది. చెంప అద్దంలా ఉంది కదమ్మా."

"అది నేను దిద్దాను సార్. నా పనే అది" అంది అక్క.

"అసలుది చూపించు."

ఏం చూపిస్తుంది?

"మరి నేనెలా నమ్మేది? సర్దుకుపోండమ్మా. మీ ఆయన పాపం కబురు చేయగానే వచ్చి బయటే నిలబడ్డాడు."

వరండాలో అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుంది. "నాతో వచ్చెయ్యవే."

"పాప వాడి దగ్గరుంది. ఎలా రాను?" అంది చెల్లెలు. మళ్లీ తనే, "మూడేళ్లుగా పంపుతున్నానక్కా. మొదటిదాంట్లో పెదవి చిట్లింది, నువ్వు అతికించేశావు. నాకూ చూసుకుంటే బాగుండేది, ఏమీ జరగనట్టు. కానీ ఒక్కసారైనా అడుగుతావనుకున్నా" అంది.

చెల్లెలు మొగుడి బండెక్కి వెళ్లిపోయింది.

కొట్టింది వాడు. ఆనవాలు తుడిచింది మనం. గోడకు తగిలించిన రంగు దెబ్బ ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకునే మనమే. తోడబుట్టినదాని ముఖంలో తేడా కనబడితే దిద్దకండి, అడగండి. అప్పుడే అడగండి. టచప్ అక్క ఇప్పుడు అడుగుదామన్నా, చెల్లెలి ఫోను వాడి జేబులో ఉంది.