నంబర్ లేదన్న రోజు

జోడ్‌భావి పేట్‌లో వీరేష్ కార్ఖానా మెట్ల మీద ద్రౌపదత్త పొద్దున తొమ్మిదింటికే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి బీడీలు చుట్టేది. లోపల ఎనిమిది కరెంటు సాంచెలు టవళ్ళు నేస్తూ పాత గోడలను అదరగొడుతుండేవి.

ఆఫీసులో ఋతుజ ఒక్కతే. నూలు ఏజెంటుదో లారీ ఆఫీసుదో నంబర్ కావాల్సొస్తే డైరెక్టరీ ఎంక్వైరీకి ఫోన్ చేసేది. వాళ్ళు నంబర్ చెప్పకుండా "మేమే కలుపుతాం" అనేవాళ్ళు. ఇక మాట్లాడినంతసేపూ నిమిషానికింత అని బిల్లులో పడేది. ఒక నెల ఆ బిల్లు చూసి వీరేష్ తల పట్టుకున్నాడు.

"గంత దూరం ఎందుకు సేట్? బయట అత్త లేదా?" అన్నాడు సాంచె నడిపే పెంటప్ప.

అత్త ఏనాడూ ఫోన్ ముట్టలేదు. అయినా పేరు చెబితే చాలు, పది అంకెలూ చెప్పేది. పేటంతా ఎరిగిన సంగతే. ఆఫీసు పనికి వాడుకోవాలని ఎవరికీ తోచలేదు, అంతే. ఎంక్వైరీకి కాల్ పోకుండా వీరేష్ లాక్ వేయించాడు. మూడు నెలల్లో బిల్లు సగానికి దిగింది. అత్తకు రోజూ రెండుసార్లు చాయ్ వచ్చేది.

ఒకరోజు ఋతుజ, నూలుకు రంగులద్దే అమోల్ నంబర్ అడిగింది.

"లేదు బిడ్డా."

"నిన్ననే చెప్పినవ్ గదా అత్తా?"

"నిన్న ఉండె."

సాయంత్రానికి అమోల్ పోయాడని కబురొచ్చింది. దీపావళి తర్వాత ముంబై వ్యాపారి ఒకాయనకూ అంతే అయింది. అప్పటినుంచి ఎవరి పేరు అడగాలన్నా ఋతుజ వెనకాడేది.

మరుసటి ఏడాది వానాకాలంలో నాలుగు రోజులు విడవకుండా వాన పట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం ఋతుజ కూలీల బీమా ఫారం నింపుతోంది. సాంచెల మోతలో అరవలేక గడప దగ్గరికి వచ్చింది.

"పెంటప్పది చెప్పు అత్తా."

"లేదు."

"వెంకటేశ్‌ది?"

"లేదు బిడ్డా."

సాంచెల మీదున్న ఎనిమిది మందివీ లేవు.

ఋతుజ పరుగున పోయి వీరేష్‌కు చెప్పింది. సాయంత్రం లారీ వస్తుంది, సరుకు ఇంకా పూర్తికాలేదు. వీరేష్ ఒక్క క్షణం సాంచెల వైపు చూశాడు. తర్వాత తనే వెళ్ళి మెయిన్ స్విచ్ దించాడు.

"అందరు బయటికి నడువుండ్రి! లవ్‌కర్, జల్ది!"

"ఏమైంది సేట్? టవల్ సగంల ఉన్నది," అన్నాడు పెంటప్ప.

"ఉండనీ. నువ్ నడువ్."

అందరూ ఎదురింటి అరుగెక్కారు. అత్తను కూడా చాటతో సహా అక్కడికే తెచ్చి కూర్చోబెట్టారు. ఋతుజ భయంభయంగా మళ్ళీ పెంటప్ప పేరు చెప్పింది. అత్త పది అంకెలూ చెప్పింది. వెంకటేశ్‌వీ చెప్పింది. ఒక్కొక్కటే రాసుకుంటుంటే ఋతుజ కళ్ళు నిండాయి. అది చూసి వీరేష్ నవ్వాడు, ఊపిరి పీల్చుకున్నాడు.

"నూలు తడుస్తది. తాడ్‌పత్రి పట్ట కప్పి ఇప్పుడే వస్త," అంటూ వానలోకి దిగి కార్ఖానాలోకి పోయాడు.

ఫారంలో చివర ఒక గడి మిగిలింది: యజమాని ఫోన్. ఋతుజకు ఆ నంబర్ కంఠతా వచ్చు. అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చేసింది.

"మన సేట్‌ది?"

అత్త తలెత్తలేదు.

"లేదు బిడ్డా."

"సేట్!" అంటూ పెంటప్ప అరుగు మీంచి దూకాడు. అతను వీధి దాటేలోపే లోపల దూలం విరిగిన చప్పుడైంది. ఆగి ఉన్న ఎనిమిది సాంచెల మీదికీ కప్పు ఒక్కసారే దిగింది.