రెండు నల్ల గ్లాసులు

చిన్నమామ లెక్కలో వైనంటే గొంతు దిగుతూ దిగుతూ చెవి మెలిపెట్టాలి. కొండకి ఎండ కాసే వైపున్న ఎండవాలు తోట ద్రాక్షతో చేసే వైన్ అలాంటిది. ఒక్క గుక్క పడిందా, నాలుక బిగుసుకుపోతుంది, ముక్కుపుటాలు అదురుతాయి, ఎవరితోనైనా పోట్లాట పెట్టుకోవాలనిపిస్తుంది. బావ లెక్క వేరు. నీడ పడే వైపున్న నీడవాలు తోట ద్రాక్షతో ఆయన చేయించే వైన్ పలచగా ఉంటుంది. నోట్లో పోసుకుని కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే తప్ప, వచ్చిన సంగతే చెప్పదు.

"బావా, ఇది వైనా, గ్లాసు తొలిచిన నీళ్ళా?" అనేవాడు చిన్నమామ.

"నీకు చెంప పగలగొడితే గానీ రుచి తెలీదురా," అనేవాడు బావ.

అక్క మెడలో ఆయన మూడుముళ్ళు వేసిన నాటినుంచీ ఇదే గోల. ఇద్దరూ పనిచేసేదీ ఒకే వైన్ కంపెనీలో. బావ అక్కడ రుచులు కలిపే మాస్టరు. ఏ పీపాలోది ఎంత కలిపితే ఆ ఏటి సీసా అవుతుందో చెప్పాల్సింది ఆయన ముక్కే. చిన్నమామది పీపాలు కడిగే పని. కడగడం తక్కువ, కోతిపనులు ఎక్కువ. ఒకసారి ఖాళీ పీపాలో దూరి లోపల్నుంచి మూలిగి, స్టోరు గుమస్తా చేత పీపాకి దండాలు పెట్టించిన ఘనుడు. పిల్లలందరికీ చిన్నమామ కాబట్టి పెద్దాళ్ళకి కూడా చిన్నమామే అయిపోయాడు.

ఆదివారం భోజనాల దగ్గర ఒక ఆట ఉండేది. రెండు నల్లగాజు గ్లాసులు. కంపెనీలో రుచి చూసేది కూడా వాటితోనే. రంగు కనబడితే ముక్కు బద్ధకిస్తుందని బావ అంటాడు. ఒకదాంట్లో ఎండవాలు, ఒకదాంట్లో నీడవాలు పోస్తే, ఏది ఏదో బావ చెప్పాలి. ఏనాడూ తప్పలేదు. ఇదివరకు ఎవరు పడితే వాళ్ళు పోసేవాళ్ళు. చలికాలంలో బావ జ్వరపడి లేచిన దగ్గర్నుంచీ మాత్రం అక్క సీసాల మీద ఎవరి చెయ్యీ పడనివ్వడం లేదు. చిన్నమామ అది చూశాడు గానీ, ఆడవాళ్ళ పట్టుదల కదా అని ఊరుకున్నాడు.

ఆ ఆదివారం కంపెనీ ఓనరు భోజనానికి వచ్చాడు. చెప్పుల చప్పుడు వినగానే అక్క గుమ్మంలోకి పరిగెత్తింది. బల్ల మీద ట్రేలో రెండు గ్లాసులూ పోసి సిద్ధంగా ఉన్నాయి. చిన్నమామ చేతులకి దురద పుట్టింది. కుడివైపు గ్లాసు ఎత్తి వాసన చూసి, నీడవాలుని సింకులో ఒంపేసి, దాని నిండా ఎండవాలు పోసి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నాడు. బావ ఒక్క వాసన చూసి "ఒరేయ్ దరిద్రుడా!" అని అరుస్తాడు, ఓనరు పడీ పడీ నవ్వుతాడు. అంతవరకే అతని ఆలోచన.

ఓనరు కూర్చుంటూనే గ్లాసులు చూసి ముచ్చటపడ్డాడు.

"మాస్టారూ, ఆట మొదలెట్టండి. నా మటుకు నాకు మీ చిన్నమామలాగా గట్టిదే ఇష్టం. మీ ముక్కు మీద నమ్మకంతోనే ఆ నీడవాలు తోట ఇంకా ఉంచాను. లేకపోతే ఎప్పుడో పీకించేసి ఎండవాలు తీగలే పెట్టించేవాణ్ణి."

బావ ఎడమ గ్లాసు వాసన చూసి, ఒక గుక్క తాగాడు. "ఇది ఎండవాలు," అన్నాడు. కుడి గ్లాసు ఎత్తి కళ్ళు మూసుకున్నాడు.

చిన్నమామ పెదాలు కొరుక్కుంటూ తిట్టు కోసం ఎదురుచూశాడు.

"ఇది మన నీడవాలు," అన్నాడు బావ మెల్లగా. "వాన వెలిసాక రాయి వాసన. చివర్లో ఎండిన గులాబీ. తొందరపడితే కనపడదండీ, ఆగితే తనే వస్తుంది."

ఓనరు తల ఊపాడు. బావ తననే తిరిగి ఆటపట్టిస్తున్నాడేమో అనుకున్నాడు చిన్నమామ. కాదు. ఆయన ముఖంలో వేళాకోళం లేదు. అయినా పొట్టలో నవ్వు ఆగి చస్తేగా!

"బావా! రాయీ లేదు, గులాబీ లేదు! రెండూ ఎండవాలే!" అని బల్ల మీద చరిచి పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చూస్తే, గదిలో నవ్వేది తనొక్కడే. అక్క చేతిలో గరిటె గాల్లో ఆగిపోయింది. ఓనరు కుడి గ్లాసు అందుకుని వాసన చూసి, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

"జలుబు చేసిందా మాస్టారూ?"

"ఆ... అవునండీ. జలుబే."

బావకి అబద్ధం ఆడటం రాదు. చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. ఓనరు రెండు ముద్దలు తిని లేచాడు. "రేపు పొద్దున కంపెనీ సెల్లార్లో, పీపాల మధ్య కూర్చుందాం. ఈ గ్లాసులతోనే," అని వెళ్ళిపోయాడు. బావ పెరట్లోకి వెళ్ళి వెనక్కి తిరిగి నిలబడ్డాడు.

వంటింట్లో అక్క గిన్నెలు సర్దుతూ చెప్పింది.

"జ్వరం తగ్గింది గానీ ముక్కు తిరిగి రాలేదురా. నాలుకా మొద్దుబారింది. పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, మీ బావ పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. డాక్టరేమో వస్తే రావచ్చు, చూద్దాం అన్నాడు. కుడివైపు నేనెప్పుడూ నీడవాలే పెడతా. ఆ గులాబీలూ అవీ అన్నీ పాత జ్ఞాపకాలు."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా!"

"నీకా? నీకు చెప్తే సాయంత్రానికి సెల్లార్లో పీపాలు కూడా నవ్వేవి."

కొట్టినా అంత బాధ ఉండేది కాదు. అక్క అన్నదాంట్లో తప్పేముందని వెతికితే చిన్నమామకి ఏమీ దొరకలేదు. ఇంటికెళ్ళి పడుకుంటే బల్ల మీద తను చరిచిన చప్పుడే వినపడింది.

పొద్దున అందరికన్నా ముందే ఓనరు గదికి వెళ్ళాడు.

"అయ్యా, తప్పు నాది. నిన్న మీరు రాకముందు బావ తాగిన మంచినీళ్ళ గ్లాసు అంచుకి లవంగ నూనె రాశాను. పంటినొప్పికి రాస్తే మొద్దుబారిపోతుంది కదా, అలా. పాపం బావకి నాలుక పనిచేయలేదు."

ఓనరు నమ్మాడు. ఇలాంటి పని చేశానని చిన్నమామ చెప్తే నమ్మని వాడు ఆ కంపెనీలో లేడు. ఆయన ముఖం కందగడ్డయింది. "అన్నం పెట్టే మనిషితోనా నీ వెకిలి వేషాలు? ఇవాళ్టినుంచి సెల్లార్ గడప తొక్కావంటే..."

చిన్నమామకి ప్రాణం లేచొచ్చింది. తిట్లు తింటుంటే ఇంత హాయిగా ఉంటుందని అతనికి అప్పటిదాకా తెలీదు. ఇంకో నాలుగు తిడితే బావుణ్ణు అనుకున్నాడు. ఈలోగా వెనకనుంచి బావ గొంతు వినపడింది.

"వాణ్ణి తిట్టకండి. లవంగ నూనె లేదు, పాడూ లేదు. నా ముక్కు చలికాలంలోనే పోయిందండీ."

"నోరు మూసుకో బావా," అన్నాడు చిన్నమామ. బావ వినలేదు. ఉన్నదంతా చెప్పేశాడు. నల్ల గ్లాసుల ముందు కూర్చోవాల్సిన అవసరమే లేకపోయింది.

ఓనరు చెడ్డవాడు కాదు. కోప్పడలేదు. బావని ఉద్యోగంలోనే ఉంచాడు, తోట పనులు చూడమన్నాడు. రుచులు కలపడానికి వేరే మనిషిని పిలిపిస్తానన్నాడు. ఈ ఏటికి సీసాల్లోకి ఎండవాలే పోయించాడు. నీడవాలు తీగల సంగతి కోతల తర్వాత చూద్దామన్నాడు. "ఒక్క పీపా మాత్రం మీ ఇష్టప్రకారం ఉంచుకోండి మాస్టారూ," అని భుజం తట్టాడు.

ఇన్నేళ్ళూ చిన్నమామ ఏం కోరుకున్నాడో సరిగ్గా అదే జరిగింది. కొత్త సీసా అతనికీ ఒకటి ఇచ్చారు. చెవి మెలిపెట్టే సరుకు. ఒక గుక్క తాగి, మూత బిగించి, మంచం కిందకి తోసేశాడు.

కొన్నాళ్ళకి బావ అతన్ని సెల్లార్‌కి పిలిచాడు. ఆ ఒక్క పీపా ముందు నిలబెట్టి, గొట్టంతో కాస్త తీసి నల్ల గ్లాసులో పోసి చేతికిచ్చాడు.

"ఎలా ఉందో చెప్పు. నాకు తెలియడం లేదు. చెడిపోతుందేమోనని భయంగా ఉంది."

చిన్నమామ వాసన చూశాడు. తాగాడు. నోరు మూసుకుని నిలబడ్డాడు. రాయి కోసం వెతికాడు, గులాబీ కోసం వెతికాడు. దేవుడి మీద ఒట్టు, ఏమీ దొరకలేదు. బావ కళ్ళలోకి చూడలేకపోయాడు. రాయి వాసన ఉంది బావా అనేస్తే ఆ ముఖం వెలుగుతుంది. నోటిదాకా వచ్చింది కూడా.

"ఒరేయ్, నాకోసం కథలు అల్లకు," అన్నాడు బావ. "నిజం చెప్పు."

"నీళ్ళలా ఉంది బావా," అన్నాడు చిన్నమామ తల దించుకుని. "గ్లాసు తొలిచిన నీళ్ళలా. ఎప్పట్లాగే."

"పుల్లగా లేదు కదా? గొంతులో గీరడం లేదు కదా?"

"లేదు బావా. ఏమీ లేదు. ఉత్త నీళ్ళు."

బావ పీపా మీద అరచెయ్యి ఆనించాడు. చలికాలం తర్వాత మొదటిసారి నవ్వాడు.

"నీకు నీళ్ళలా ఉందంటే, చక్కగా ఉన్నట్టేరా. వచ్చే వారం మళ్ళీ రా."

వస్తానన్నాడు చిన్నమామ. గ్లాసు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళాడు. కడిగినదాన్నే మళ్ళీ మళ్ళీ కడుగుతూ, బావ పిలిచేదాకా అక్కడే నిలబడ్డాడు.